“మందు వాడితే” అన్న షరతు

చట్టం ఏ హక్కు ఇస్తున్నదో చూసి సంతోషించవద్దు, ఆ హక్కు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నదో చూడు అని, నేను ఢిల్లీకి వచ్చిన కొత్తలో ప్రెస్ గ్యాలరీలో ఒక పెద్దాయన చెప్పారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతిని ఈ వారం మళ్లీ తిరగవేయవలసి వచ్చినప్పుడు ఆయన మాట గుర్తుకు వచ్చింది. ఆ చట్టం 18వ సెక్షనులోని పదో ఉపసెక్షను మంచి ఉద్దేశంతోనే మొదలవుతుంది. ప్రభుత్వం ఆవశ్యక ఔషధాల జాబితాను ప్రకటించాలి. ఆ జాబితాలోని మందులన్నీ మానసిక వ్యాధిగ్రస్తులందరికీ, అన్ని వేళలా, ఉచితంగా లభించాలి. ఎక్కడ? ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే ఆరోగ్య సంస్థలలో, సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని ఆ పై స్థాయిలలో. “మొదలుకొని ఆ పై” అన్న ఈ చిన్న మాటలే ఈ వారం లేఖకు మూలం.

సామాజిక ఆరోగ్య కేంద్రమంటే పాఠకులకు తెలిసిన ముప్పై పడకల ఆస్పత్రి. మైదాన ప్రాంతాలలో 1,20,000 మంది జనాభాకు ఒకటి ఉండాలన్నది ప్రమాణం. దాని కింద 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇంకా కింద 5,000 మందికి ఒక ఉపకేంద్రం. అంటే పల్లెవాసికి అందుబాటులో ఉన్న డాక్టరు దగ్గరకు చేరకుండానే చట్టం ఇచ్చిన మందు పై మెట్టు మీద ఆగిపోయింది. విచిత్రమేమంటే, మానసిక ఆరోగ్య సేవలను ప్రాథమిక స్థాయితో సహా అన్ని స్థాయిలలోనూ సాధారణ వైద్యంలో అంతర్భాగం చేయాలని అదే 18వ సెక్షను ఐదో ఉపసెక్షను ఆదేశిస్తున్నది. సేవ కింది దాకా రావాలట, మందు మాత్రం రానక్కరలేదట. రాజ్యసభ 2016 ఆగస్టులోను, లోక్‌సభ 2017 మార్చిలోను ఆమోదించిన బిల్లు ఇది. 2018 మే 29 నుంచి అమలులో ఉంది.

చట్టాన్ని మళ్లీ తీయవలసిన అవసరం ఒక మిత్రుని వల్ల కలిగింది. కేంద్ర సచివాలయంలో గుమస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసిన తెలుగువారాయన. ప్రకాశం జిల్లాలోని స్వగ్రామానికి వెళ్లి స్థిరపడదామని భార్యాభర్తలు ఏనాడో నిశ్చయించుకున్నారు. వారి కుమారునికి స్కిజోఫ్రీనియా. ఇరవై రెండో ఏట మొదలైన ఆ వ్యాధికి మూడు రకాల మందులు పనిచేయక, నాలుగోదిగా ఇచ్చిన క్లోజపైన్ అనే మాత్రతో కుదుటపడ్డాడు. ఢిల్లీలో ఉన్నన్నాళ్లూ మందు, రక్తపరీక్ష, డాక్టరు ఒక పద్ధతిలో నడిచిపోయాయి. ఊరికి వెళ్లాక ఆయన ఫోను చేసి, “ఇక్కడ అందరూ మంచివాళ్లేనండీ. కానీ ఈ మాత్ర పేరు చెబితే ఒక్కరూ ముట్టుకోరు” అన్నారు. ఆరోగ్య కేంద్రం డాక్టరు ఇది తన స్థాయి మందు కాదన్నారట. అది మర్యాదగానే చెప్పారని మిత్రుడు ప్రత్యేకంగా తెలియజేశారు.

ఆ డాక్టరు సంకోచానికి కారణం లేకపోలేదు. క్లోజపైన్ చరిత్ర తెలిసినవారు దానిని తేలికగా చేతిలోకి తీసుకోరు.

మనోవ్యాధికి మందు ఉందన్న మాట మన ఉపఖండానికి కొత్త కాదు. సర్పగంధ వేరు ఉన్మాదానికీ, రక్తపు పోటుకూ పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే కలకత్తా వైద్యులు 1931లోనే ప్రకటించారు. ఆ వేరు నుంచి 1952లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు రిసెర్పిన్‌ను వేరుచేశారు. అదే సంవత్సరం పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ అనే రసాయనం ఉన్మాద తీవ్రతను తగ్గిస్తుందని తేలింది. గదుల్లో బంధించడం, చన్నీళ్లు గుమ్మరించడం తప్ప వేరు మార్గం లేని ఆస్పత్రులకు అది పెద్ద మలుపు. అయితే ఆ మందులు వాడినవారికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయేవి, వణుకు వచ్చేది, ముఖం బొమ్మలా అయిపోయేది. బిగుతు రాకపోతే మందు పనిచేయడం లేదని నమ్మిన వైద్యులు కూడా ఉండేవారు.

స్విట్జర్లండులోని బెర్న్‌లో వాండర్ అనే సంస్థ 1958లో తయారుచేసిన క్లోజపైన్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. అవయవాలు బిగియవు, ఉన్మాదం తగ్గుతుంది. కానీ 1975లో ఫిన్లండు నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. ఈ మందు వాడినవారిలో కొందరికి తెల్ల రక్తకణాలు హఠాత్తుగా అడుగంటిపోయి, అంటురోగాలు సోకి ఎనిమిది మంది మరణించారు. చాలా దేశాలలో మందు వెనక్కి పోయింది. 1988లో అమెరికాలో జరిగిన ఒక పరీక్ష దానిని తిరిగి లేపింది. వేరే మందులు పనిచేయని 268 మంది రోగుల మీద ఆరు వారాలు పరీక్షించగా, క్లోజపైన్ తీసుకున్నవారిలో నూటికి 30 మంది తేరుకున్నారు. క్లోర్‌ప్రొమజైన్ తీసుకున్నవారిలో నూటికి నలుగురు మాత్రమే. స్కిజోఫ్రీనియా రోగులలో సుమారు మూడోవంతు మందికి మామూలు మందులు పనిచేయవు కనుక ఈ అంకెకు విలువ చాలా ఉంది. ఈ రోగులలో ఆత్మహత్యా ప్రమాదాన్ని తగ్గించేదిగా 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన మందు కూడా ఇదే.

అనుమతి షరతుతో వచ్చింది. రక్తం చూడనిదే మాత్ర ఇవ్వకూడదు. మొదట వారం వారం, తరువాత పక్షానికి, ఆపైన నెలకు ఒకసారి తెల్లకణాల లెక్క తీయాలి. తెల్లకణాలు పడిపోయే ముప్పు నూటికి ఒకరి కంటే కాస్త తక్కువ మందికి. అదీ ఎక్కువగా మొదటి నాలుగైదు నెలలలోనే. సకాలంలో కనిపెట్టి మందు ఆపితే చాలావరకు ప్రాణం నిలుస్తుంది. అమెరికాలో కంపెనీ తొలుత మందునూ, రక్తపరీక్షనూ ఒకే మూటగా కట్టి సంవత్సరానికి దాదాపు 9,000 డాలర్లకు అమ్మింది. బీదరోగులకు వైద్యఖర్చు భరించే రాష్ట్ర ప్రభుత్వాలు కోర్టుకు వెళ్లిన మీదట ఆ మూట విప్పవలసి వచ్చింది. ఆ మందే మన దేశంలో అనేక కంపెనీలు తయారుచేస్తున్నాయి. మాత్ర ధర కొద్ది రూపాయలు. జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో దాని పేరుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మనకు ఇచ్చిన ఫలితాలలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. ఇదే తరగతికి చెందిన ఒలాంజపైన్‌పై అమెరికా కంపెనీ పేటెంటును అక్కడి న్యాయస్థానాలలోనే సవాలు చేసినవారిలో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. ఆ వ్యాజ్యంలో ఓడినా, పేటెంటు గడువు తీరిన 2011లో అక్కడి విపణిలో ప్రవేశించింది. కనుక మందు తయారీలో కాని, ధరలో కాని మనకు లోపం లేదు.

లోపం ఎక్కడుందో మిత్రుని అనుభవం చెబుతున్నది. తెల్లకణాల లెక్క అంటే బ్రహ్మవిద్య కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయవలసిన మామూలు రక్తపరీక్షలలో అదొకటి. 2015లో కేంద్రం ప్రకటించిన ఉచిత రోగనిర్ధారణ పరీక్షల పథకం దాన్ని ఉచితంగా చేయాలంటున్నది. జ్వరం వచ్చినవానికి ఆ కేంద్రంలోనే ఆ లెక్క తీస్తున్నారు. మందు మాత్రం చట్టరీత్యా పై మెట్టు మీద ఉంది. ఆచరణలో ఇంకా పైన, మానసిక వైద్యుడున్న పెద్దాస్పత్రిలో ఉంది. రక్తం చూసేచోట మందు లేదు. మందున్న చోటికి వెళ్లి రావాలంటే రోగికీ, వెంట వెళ్లేవారికీ ఒక రోజు కూలి, బస్సు చార్జీలు. వారం వారం చేయవలసిన తొలి మాసాలలో ఇది ఎన్ని కుటుంబాలకు సాధ్యం? మానసిక వైద్యులు చాలామంది ఈ మందును తగిన రోగికి కూడా రాయక, పనిచేయని మందులనే మార్చి మార్చి రాస్తున్నారంటే అందులో వారి తప్పుకంటె ఈ దూరం తప్పే ఎక్కువ.

2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్లోజపైన్ రక్తపరీక్షల నిర్బంధ రిజిస్ట్రీని ఎత్తివేసింది. ఆ నిర్బంధం వల్ల మందు అవసరమైనవారికే అందడం లేదని నిపుణులు తేల్చడమే కారణం. పరీక్షలు అనవసరమని ఆ సంస్థ అనలేదు, చేయించవలసిందనే చెప్పింది. ఈ వార్తను ఢిల్లీలో కొందరు అధికారులు “ఇక ఆ తలనొప్పి లేదు కదా” అన్న ధోరణిలో ప్రస్తావించగా విన్నాను. అది పెద్ద పొరపాటు. నిఘా బిగువు ఎక్కువై మందు అందని దేశం నిఘాను సడలించింది. నిఘా బాధ్యతను కుటుంబం మీదకే నెట్టివేసిన దేశం దానిని ఆదర్శంగా తీసుకుంటే మిగిలేది ఏమిటి? పైగా ఈ మందు చూడమనేది రక్తాన్ని ఒక్కటే కాదు. బరువు, మధుమేహం, గుండె కండరాల వాపు చూడాలి. సామాన్యమనుకునే మలబద్ధకం ముదిరి ప్రాణం తీయవచ్చు. పొగతాగేవాని ఒంట్లో ఈ మందు త్వరగా ఖర్చయిపోతుంది. బీడీలు మానేస్తే అదే మోతాదు ఎక్కువైపోతుంది. ఇవన్నీ నెలకొకసారి దూరాన కనిపించే నిపుణుడికన్నా, ఊరి దారిలో ఎదురుపడే డాక్టరూ, నర్సూ బాగా కనిపెట్టగలవి.

సాధారణ డాక్టరు ఈ పని చేయలేడన్న వాదం ఒకటి ఉంది. అది అర్ధశతాబ్దం కిందటే వీగిపోయింది. 1970లలో చండీగఢ్ వైద్యులు హర్యానాలోని రాయ్‌పూర్ రాణి ప్రాంతంలోను, బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు సకలవారలోను పల్లె డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ స్వల్పకాల శిక్షణ ఇచ్చి పరీక్షించారు. ఆ అనుభవం పునాదిగానే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వెలువడింది. 1985 నుంచి బళ్లారి జిల్లా మొత్తం దానికి ప్రయోగశాల అయింది. మన అనంతపురం, కర్నూలు సరిహద్దునే ఉన్న, తెలుగు విస్తారంగా వినిపించే జిల్లా అది. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లే స్కిజోఫ్రీనియాను గుర్తించారు, వారే మందులిచ్చారు. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు దేశంలో ఎంపికైన తొలి నాలుగు జిల్లాలలో మెదక్ ఒకటి. బళ్లారిలో ఇచ్చినవి క్లోజపైన్ కాని పాత మందులని ఎవరైనా అనవచ్చు, నిజమే. ఈ మందును నిపుణుడే మొదలుపెట్టాలి. కాని కుదుటపడిన రోగికి నెలనెలా లెక్క చూసి మాత్రలివ్వడానికి నిపుణుడు అవసరం లేదు. శ్రీలంకలో ప్రత్యేక శిక్షణ పొందిన సాధారణ వైద్యులను మానసిక ఆరోగ్య వైద్యాధికారులుగా జిల్లాలలో నియమించారు. చిన్న దేశం గనుక వీలైంది అని తోసిపుచ్చడం మనకు అలవాటు. బళ్లారి చిన్న దేశం కాదు కదా, మన దేశంలోని జిల్లాయే.

ఇక న్యాయస్థానాల సంగతి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. హిందూ వివాహ చట్టం ప్రకారం స్కిజోఫ్రీనియా ఉన్నదని విడాకులు కోరవచ్చు. అయితే ఆ ముద్ర ఒక్కటే చాలదని, వ్యాధి ఎంత తీవ్రమో, సంసారానికి పనికిరానిదో కాదో చూడాలని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త అప్పీలు వీగిపోయింది. 2013లో ఒక తెలుగు డాక్టర్ల దంపతుల వివాదం అదే కోర్టుకు వెళ్లింది. భార్య వ్యాధి మందులతో అదుపులో ఉందని, మందులు సక్రమంగా వాడితే, కుటుంబం ఆదరిస్తే దాంపత్యం కొనసాగించవచ్చని హైదరాబాదు వైద్యుల నివేదిక చెప్పింది. కోర్టు దానిని ఆమోదించి విడాకులు నిరాకరించింది. స్త్రీని రక్షించిన తీర్పు అది. నేను దానిని మెచ్చుకుంటాను.

కాని 1988 నాటి తీర్పు సరిహద్దు దాటి వెళ్లినప్పుడు ఏమైంది? 2016లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు ముందుకు ఒక ఉరిశిక్ష ఖైదీ కేసు వచ్చింది. అతనికి తీవ్రమైన స్కిజోఫ్రీనియా ఉందని వైద్యులు చెప్పారు. స్కిజోఫ్రీనియా శాశ్వత మనోవ్యాధి కాదని, మందులతో నయమయ్యే స్థితి గనుక ఉరికి అడ్డు కాదని ఆ కోర్టు అన్నది. నిఘంటువుల నిర్వచనాలతో పాటు అది ఉటంకించిన ఆధారం మన సుప్రీంకోర్టు 1988 తీర్పు! ఢిల్లీలో ఒక భార్య సంసారాన్ని నిలబెట్టిన వాక్యాలు పాకిస్తాన్‌లో ఒక రోగి మెడకు ఉరితాడు అయ్యాయి. అదృష్టవశాత్తు అప్పట్లో శిక్ష అమలు ఆగింది. 2021 ఫిబ్రవరిలో సఫియా బానో కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ దృక్పథాన్ని తిరగరాసింది. మనోవ్యాధి వల్ల తనకు శిక్ష ఎందుకు పడిందో గ్రహించలేని వానిని ఉరితీయరాదని చెప్పి, ఆ ఖైదీ శిక్షను తగ్గించింది. అప్పటికే మన సుప్రీంకోర్టు 2014 జనవరిలో మానసిక వ్యాధి మరణశిక్షను యావజ్జీవంగా మార్చడానికి తగిన కారణమని నిర్ణయించి ఉంది.

ఈ తీర్పులలో మందు ఒక నిశ్శబ్ద సాక్షి. వివాహం నిలుస్తుంది, మందు వాడితే. మనిషి తన చర్యకు బాధ్యుడవుతాడు, మందు వాడితే. న్యాయమూర్తులు రోగి చేతిలో మాత్ర ఉన్నదన్న భావనతోనే తర్కిస్తున్నారు. ఆ మాత్ర ఎవరు తెచ్చివ్వాలి, అది ఆగిపోతే ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న ఏ విడాకుల కేసులోనూ పక్షం కాదు. రోగి మందు మానేశాడంటారు. మందే రోగిని మానేసిన సందర్భాలు లెక్కలోకి రావు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్ర మనోవ్యాధులున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్సే అందడం లేదు.

మన కుటుంబ వ్యవస్థ ఉందిగా అని పార్లమెంటు ఆవరణలో ఎవరైనా అంటారు. 1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాలలో ప్రారంభించిన అధ్యయనంలో ఆగ్రా రోగులు లండన్, వాషింగ్టన్ రోగులకన్నా బాగా తేరుకున్న మాట వాస్తవమే. ఆ కీర్తిని పాలకులు చాలాకాలంగా వాడుకుంటున్నారు. కుటుంబం చేయగలిగినదంతా చేసి అలసిపోయాక ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చూపింది. దర్గా సమీపంలోని ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మనోరోగులు చనిపోయారు. వారిని అక్కడ వదిలినవారు కసాయివాళ్లు కారు, చాలామంది తల్లిదండ్రులు, అన్నదమ్ములు. 2017 చట్టం ఏ రూపంలోనైనా సరే గొలుసును నిషేధించింది. గొలుసుకు బదులుగా ఇంటికి చేరవలసిన దానిని మాత్రం ముప్పై పడకల ఆస్పత్రి గుమ్మంలో నిలబెట్టింది.

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్‌కు ఎవరైనా 14416కు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. మంచి ఏర్పాటు. ఫోను తీగ మాత్రలు పంపదు, రక్తం తీయదు. సవరణ బిల్లు అక్కరలేదని, రాష్ట్ర ప్రభుత్వాలు తలుచుకుంటే జాబితాలోని మందులను ప్రాథమిక కేంద్రాలకు పంపడానికి చట్టంలో ఏ నిషేధమూ లేదని ఒక సీనియర్ న్యాయవాది నాతో అన్నారు. చట్టం నిర్ణయించినది కనిష్ఠ హద్దునే కాని గరిష్ఠ హద్దును కాదని ఆయన వాదం. న్యాయంగా సరైనదే. అయితే బడ్జెటు తయారుచేసే గుమస్తా చేతిలో కనిష్ఠమే గరిష్ఠమవుతుందని సచివాలయం ఎరిగిన నా మిత్రుడు నవ్వుతూ చెప్పారు. “మొదలుకొని” అన్న మాట ముందున్న ఆరోగ్య కేంద్రం పేరు మార్చడానికి పార్లమెంటులో పది నిమిషాలు చాలు. అంతవరకూ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒక్క ఉత్తర్వుతో ఆ పని చేయవచ్చు. నిపుణుడు మొదలుపెట్టిన క్లోజపైన్‌ను రోగి ఇంటికి దగ్గరి ప్రాథమిక కేంద్రంలోనే, అక్కడి ప్రయోగశాల చీటీ చూసి ఇవ్వమని.

మిత్రుడు ప్రస్తుతానికి తన ఏర్పాటు తానే చేసుకున్నారు. కుమారునికి వారం వారం పరీక్షల దశ ఢిల్లీలోనే గడిచిపోయింది కాబట్టి ఇప్పుడు నెలకు ఒకసారి. ఊళ్లో రక్తం చూపించి, ఆ చీటీ పట్టుకుని తండ్రీ కొడుకులు మర్నాడు తెల్లవారుజామున బస్సులో ఒంగోలు వెళ్తున్నారు. ఢిల్లీలో కూడబెట్టిన రక్తపరీక్ష చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నాయట. ఆయన వయస్సు అరవై ఎనిమిది. నేను అడగకుండానే, కొడుకు ఒక్కడే బస్సెక్కి వెళ్లి వచ్చేట్లుగా రెండు నెలల నుంచి అలవాటు చేయిస్తున్నానని చెప్పారు.